సున్నా భాగాల ఆంప్లిఫయరు

రత్నమాల టీచరు పోయిన రోజునే బడిలో ఆంప్లిఫయరు కూడా పోయింది. ఆవిడ పొద్దున్న ఆరున్నరకి, జిల్లా ఆసుపత్రిలో. అది మధ్యాహ్నం మూడింటికి, పిడుగుపాటుకి. జూలై పదకొండు, శుక్రవారం.

ఆంప్లిఫయరు గురించి బడికీ జిల్లా కార్యాలయానికీ మధ్య పదిహేడు ఉత్తరాలు నడిచాయి. దాన్ని ఎప్పుడు కొన్నారు, దాని ఆయుర్దాయం ఎంత, అందులో ఎంత మిగిలింది, పిడుగు పడిన సమయంలో దాని పక్కన ఉండవలసిన బాధ్యుడెవరు, పిడుగు గురించి ముందస్తుగా రాతపూర్వకమైన సూచన ఏదైనా అందిందా, అన్నీ అడిగారు. రత్నమాల టీచరు గురించి నడిచింది ఒక్కటే ఉత్తరం. అందులో ఒక్కటే వాక్యం: "సదరు పోస్టు ఖాళీ అయినట్లు గమనించడమైనది."

పద్దెనిమిది ఉత్తరాలూ చదివిన మనిషి సన్యాసినాయుడు మాస్టారు. అంధుల ఆశ్రమ పాఠశాలలో లెక్కలూ సైన్సూ ఆయనే చెబుతారు. రత్నమాల ఆయన భార్య. అదే బడిలో సోషల్ చెప్పేది.

ఆ బడిలో పిల్లలకి చూపు లేదు. జూన్‌లో మొదలయ్యే చదువుకి బ్రెయిలీ పుస్తకాలు ఫిబ్రవరిలో వస్తాయి. అందుకని సోషల్ అంతా రత్నమాల గొంతు మీదే నడిచేది. ఆ వేసవి సెలవుల్లో ఆవిడ ఒకరోజు డాక్టరు దగ్గర్నుంచి వచ్చింది. మర్నాటి నుంచి పదో తరగతి సోషల్ పుస్తకం ఫోన్లోకి చదవడం మొదలుపెట్టింది. వంటింటి తలుపేసుకుని, ఫ్యాను ఆపుకుని, చెమట తుడుచుకుంటూ ఇరవై రెండు పాఠాలూ చదివింది. జూన్ నెలాఖరుకి పూర్తిచేసి, "ఇంక నేను సెలవు పెట్టినా పిల్లలకి ఇబ్బంది లేదు" అంది. ఆ మాటకి మాస్టారు కోప్పడ్డారు. ఆ కోప్పడటం గురించి ఆయన తర్వాత ఎవరితోనూ అనలేదు.

పదో తరగతిలో పంతొమ్మిది మంది. బడి గోడకి అవతల జూట్ మిల్లు. వారానికి ఆరు రోజులు అది పొద్దున్న ఏడింటి నుంచి రాత్రి పదింటి వరకు రొద పెడుతుంది. ఆ రొదలో ఫోను తన సొంత గొంతుతో ఎంత అరిచినా మొదటి బెంచీ దాటదు. తరగతి గోడకి రెండు స్పీకర్లున్నాయి. అవి నిక్షేపంలా ఉన్నాయి. వాటికి బలం ఇచ్చే పెట్టే కాలిపోయింది. కొత్తది ఇప్పించమని హెడ్మాస్టరు జగ్గారావు గారు రాస్తే, పాతదాని ఆయుర్దాయం ఇంకా నాలుగేళ్ళ రెండు నెలలు ఉన్నదనీ, అంతవరకు అది పని చేయుచున్నట్లే పరిగణించవలెననీ జవాబు వచ్చింది.

"పనిచేస్తన్నట్టేనట మాస్టారూ," అన్నారు జగ్గారావు గారు, కాగితం అటూ ఇటూ తిప్పి. "పైవోళ్ళకి తెలీదేటి? మనకే తెలుసేటి?"

"లోపల బొగ్గయిపోయిందండి. ఇక్కడిదాకా వాసనొస్తోంది."

"వాసన సంగతి ఇందులో రాయలేదు. రాయని దాని గురించి మనం అనుకోకూడదు."

మాస్టారు రెండు రోజులు తానే పుస్తకం పట్టుకుని గట్టిగా చదివి చూశారు. అవతల తొమ్మిదో తరగతి లెక్కల్లేకుండా కూర్చుంది. ఇవతల పదో తరగతిలో పైడితల్లి అనే పిల్ల లేచి నిలబడింది. బడికి మొదటి మార్కులు తెచ్చేది ఆ పిల్లే. టీచరు కావాలని పట్టుదల.

"మాస్టారండీ, ఏటీ అనుకోకండి. మీరు చదవతంటే లెక్క చెప్తన్నట్టుందండి. యుద్ధం ఎవులు గెలిచారో తెల్లేదండి."

"నాకూ తెలియలేదమ్మా," అన్నారు మాస్టారు, పుస్తకం మూసేసి.

కాలేజీలో చదివే రోజుల్లో ఆయన రేడియోలు కట్టేవారు. అటకమీద రేకు డబ్బా దించితే అందులో రెండు ట్రాన్సిస్టర్లు, మూడు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక ఫ్యూజు పనికొచ్చేవి దొరికాయి. పాత కిటికీ అల్యూమినియం రేకు ఒకటి కోసి పెద్ద ట్రాన్సిస్టరుకి వేడి లాగడానికి బిగించారు. మొత్తం తొమ్మిది. ఆ తొమ్మిదితోనే పని జరిగే పద్ధతి ఆయనకి గుర్తుంది. తొమ్మిదే ఉంటే, రేపు చెడినప్పుడు తొమ్మిదింట్లోనే వెతుక్కోవచ్చు. పెట్టె కట్టలేదు. పనస చెక్క మీద ఇత్తడి మరలతో ఒక్కొక్కటీ రెండేసి వేళ్ళ ఎడంగా బిగించి, స్కూటరు బ్యాటరీకి తగిలించారు. ఆ ఎడం పిల్లల కోసం. బ్యాటరీ తగిలించే ముందు చెక్కని తరగతిలో బెంచీ బెంచీకీ తిప్పి, ప్రతి ఒక్కరి చేతా తడిమించారు.

"ఇది చిన్న ట్రాన్సిస్టరు. నెమ్మదిగా అన్న మాటని కూడా పట్టుకుంటుంది. ఇది పెద్దది, ఆ మాటని మోసుకుపోతుంది. మోసేటప్పుడు కాగిపోతుంది, అందుకని ఈ రేకు. ఇది ఫ్యూజు. ఇది మామూలప్పుడు ఏమీ చెయ్యదు. తేడా వస్తే ముందు తను పోయి మిగతావాటిని ఉంచుతుంది."

"అంటే ఎనిమిది కూలోళ్ళు, ఒక కాపలావోడండి," అంది పైడితల్లి. తరగతంతా నవ్వింది.

ఆగస్టు ఇరవయ్యో తేదీన మొదటి పాఠం పలికింది. మిల్లు రొద అడుక్కి పోయింది. ఎనిమిదో నిమిషంలో రత్నమాల చదువుతూ చదువుతూ ఆగి, దగ్గి, "క్షమించాలి" అని మళ్ళీ అందుకుంది. పంతొమ్మిది మందిలో ఎవరూ కదల్లేదు. మాస్టారు రేకు మరీ కాగిపోతోందేమోనని దాని మీద చెయ్యి పెట్టి, పాఠం అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

వారానికొక పాఠం. ఆయన మీట నొక్కి తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయేవారు. పాఠం దానంతటది నడిచేది. సాయంత్రం చదువుల్లో పిల్లలు మళ్ళీ వినేవారు.

సెప్టెంబరులో సంయుక్త సంచాలకులు పరిపూర్ణరావు గారు పిడుగు మీద విచారణకి వచ్చారు. అప్పటికి వారం క్రితమే ఆయన సముద్రం ఒడ్డున ఒక విడిదిలో మూడు రోజుల శిక్షణ ముగించుకొచ్చారు. శిక్షణ పేరు 'వదులుకోవడంలోని వైభవం'. అక్కడ తెల్లటి గదిలో ఒకే ఒక్క కుర్చీ వేసి, దాన్ని చూస్తూ నేలమీద కూర్చోబెట్టారట. తిరిగొచ్చాక ఆయన తన కార్యాలయంలో అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళ కుర్చీలన్నీ తీయించేశారు. తన కుర్చీ మాత్రం ఉంచారు, చూడటానికి ఒకటి ఉండాలి కనక.

పనస చెక్క దగ్గర ఆయన ఆగిపోయారు.

"ఏమిటిది?"

జగ్గారావు గారి ప్రాణం చెప్పుల్లోకి జారింది. "రిజిస్టర్లో లేదండీ బాబూ, మా మాస్టారు ఏదో సరదాకి..."

"భాగాలు ఎన్ని?"

"తొమ్మిదండి," అన్నారు మాస్టారు.

"పూర్వపు యంత్రంలో?"

"లెక్కపెట్టలేదండి. మూడు వందల పైనే ఉంటాయి."

సంచాలకులు కళ్ళు మూసుకున్నారు. విచారణకి వచ్చిన గుమాస్తాలు కూడా మూసుకున్నారు. "దాదాపు మూడు వందల భాగాలను మీరు పరిత్యజించారు!"

"పరిత్యజించలేదండి. నా దగ్గర లేవు."

"అదే! ఆ వినయమే!" అన్నారు సంచాలకులు. చెక్క చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఫొటో తీయించుకున్నారు. అది పలుకుతుందా అని మాత్రం అడగలేదు. పాఠం పెట్టమంటారా అని మాస్టారు అడిగితే, "వద్దు, ఈ అనుభూతిని చెడగొట్టకండి" అన్నారు.

పది రోజుల్లో ఉత్తర్వు దిగింది. ఉపకరణాల సరళీకరణ విభాగం అని ఒకటి ఏర్పడి, 'అల్పభాగ యజ్ఞం' అని ఒకటి తలపెట్టింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సమస్త విద్యాసంస్థల యందలి శబ్దవర్ధక యంత్రములు తొమ్మిది భాగములకు మించరాదు. మించినవానిని బీరువా యందుంచి తాళము వేయవలెను. ఆపై ప్రతి మాసాంతమునకు కనీసము ఒక భాగము తగ్గించి నివేదిక సమర్పించవలెను. భాగమును పెంచుట ఏ పరిస్థితి యందును నిషిద్ధము."

జిల్లాలో ఎన్ని బళ్ళలో మైకులుంటే అన్ని బళ్ళలో మైకులు బీరువాల్లోకి పోయాయి. జగ్గారావు గారు మాత్రం వారం రోజులు కొత్త చొక్కాలేసుకుని తిరిగారు. యజ్ఞానికి పుట్టినిల్లు మన బడే అని బోర్డు రాయించారు. ఆ బోర్డుని ఆ బడిలో చదవగలిగినవాళ్ళు ఎనిమిది మంది.

అక్టోబరు నెలాఖరుకి భాగ గణనాధికారి ధర్మలింగం గారు వచ్చారు. అంతకుముందు పశుసంవర్ధక శాఖలో కోళ్ళ లెక్క చూసేవారు. కదలని వాటిని లెక్కపెట్టే ఉద్యోగం దొరికినందుకు ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. భూతద్దం పెట్టి చెక్కంతా గాలించి, "నలభై నాలుగు" అన్నారు.

"తొమ్మిదండి," అన్నారు మాస్టారు.

"మరలు పద్దెనిమిది. తీగ ముక్కలు పదహారు. చెక్క ఒకటి. ఇవి భాగాలు కావా? వీటిని ఎవరు పోషిస్తారు?"

పుట్టినింట్లోనే నలభై నాలుగని తేలితే కొంపలంటుకుంటాయి. చివరికి ధర్మలింగం గారే దారి చూపించారు. మరల్నీ తీగల్నీ చెక్కనీ ఔట్‌సోర్సింగ్ కింద చూపించవచ్చునట. పని చేయవచ్చు గాని లెక్కలోకి రావు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే తొమ్మిది. ఈ నెల ఎనిమిది కావాలి," అన్నారు ధర్మలింగం గారు. "ఇదేమిటి?"

"ఫ్యూజండి. ఏదైనా కాలబోతే అడ్డుపడుతుంది."

"ఇంతవరకు ఏదైనా కాలబోయిందా?"

"లేదండి."

"అంటే ఇది ఇంతవరకు ఏ పనీ చేయలేదు."

"పని పడలేదండి."

"రెండు నెలలుగా పనిలేని భాగం," అని రాసుకుని ధర్మలింగం గారు ఫ్యూజు పీకించి, ఆ చోట తీగ ముక్క ఒకటి కలిపించారు. తీగ ఔట్‌సోర్సింగ్ కనక అభ్యంతరం లేకపోయింది. ఆ రోజు పాఠం యథాప్రకారం వినబడింది. "చూశారా," అన్నారు ఆయన. "ఏమైనా తేడా వచ్చిందా?"

రాలేదు. మాస్టారు అబద్ధం ఆడరు.

నవంబరు నెలాఖరుకి మళ్ళీ వచ్చారు. ఈసారి కరెంటు కొలిచే మీటరు తెచ్చారు. ప్రతి భాగం మీదా ముల్లు పెట్టి చూశారు. అన్నింట్లోనూ ఏదో ఒక కదలిక ఉంది, అల్యూమినియం రేకులో తప్ప.

"దీనిలో విద్యుత్తు లేదు."

"ఉండదండి. అది వేడి లాగుతుంది."

"వేడి లాగడం ఆంప్లిఫయరు విధి కాదు. శబ్దం పెంచడం ఆంప్లిఫయరు విధి. ఇది శబ్దం పెంచుతోందా?"

"పెంచేదాన్ని కాలిపోకుండా చూస్తోందండి. అది తీసేస్తే పదిహేను నిమిషాలు కూడా ఆగదు." మాస్టారు గొంతు ఎప్పుడూ పెంచరు. అప్పుడు కొద్దిగా పెంచారు. "పిల్లలకి ఇంకా పదకొండు పాఠాలున్నాయి. వాళ్ళకి పుస్తకం లేదు సార్. ఇదే వాళ్ళ పుస్తకం. మార్చిలో పరీక్ష."

"అది విద్యావిభాగం చూసుకుంటుంది," అన్నారు ధర్మలింగం గారు జాలిగా. "నేను భాగ విభాగం."

జగ్గారావు గారు మాస్టార్ని వరండాలోకి లాక్కెళ్ళారు. "నాయుడు గారూ, మీకు దణ్ణం పెడతాను. నాకు ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. రేకే కదా. కిటికీది కిటికీకి పోతాది. ఒగ్గీండి."

రేకు తీసేశారు. పన్నెండో పాఠం నడుస్తుండగా పదకొండో నిమిషంలో రత్నమాల గొంతు బొంగురుపోయింది. తర్వాత సాగింది, తర్వాత కీచుమని ఆగిపోయింది. ఫ్యూజు ఉంటే అదొక్కటే పోయేది. లేదు కనక పెద్ద ట్రాన్సిస్టరు పొగ కక్కి పోయింది. ఆ పాఠంలో మిగిలిన సగం ఆ సాయంత్రం మాస్టారు ఫోను చేత్తో పట్టుకుని బెంచీ బెంచీకీ తిరుగుతూ వినిపించారు. చెవి దగ్గర పెడితే గాని వినబడలేదు. పంతొమ్మిది సార్లు పెట్టేసరికి రాత్రి భోజనాల గంట కొట్టారు.

ధర్మలింగం గారి నివేదికలో ఆ పొగ ఇలా ఎక్కింది: "పరిశీలన సమయమున ఒక భాగము స్వచ్ఛందముగా పదవీవిరమణ చేసినది. తద్వారా ఈ మాసపు లక్ష్యము కన్న ఒక భాగము అదనముగా తగ్గినది. మిగిలినవి ఆరు. పాఠశాలకు అభినందనలు."

అభినందన పత్రం రాగానే మాస్టారు పట్నం వెళ్ళి కొత్త ట్రాన్సిస్టరు తెచ్చారు. రేకు, ఫ్యూజు కూడా బిగించారు. అది చూసి జగ్గారావు గారు గదిలోకి పోయి తలుపేసుకున్నారు. పదమూడో పాఠం రెండు నిమిషాలు పలికిందో లేదో, ధర్మలింగం గారు మిగిలిన ఆరు భాగాల్ని పరీక్షించడానికని దిగారు. మాస్టారికి మెమో ఇచ్చారు: "అనుమతి లేకుండా భాగవృద్ధికి పాల్పడినందులకు సంజాయిషీ కోరడమైనది." కొత్తగా పెట్టిన మూడింటినీ అక్కడికక్కడే పీకించారు. మళ్ళీ పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ మాస్టారు దరఖాస్తు పెట్టారు. తగ్గింపుకి మాత్రమే నమూనా ఫారం ఉన్నదని, పెంపుకి ఫారం లేని కారణంగా దరఖాస్తు పరిశీలనకి నోచుకోలేదని మూడు వారాలకి జవాబు వచ్చింది.

మిగిలిన ఆరింటి పరీక్ష అరగంటలో అయిపోయింది. ధర్మలింగం గారు ఒక రెసిస్టరు తీయించి, "శబ్దంలో ఏమైనా మార్పు వచ్చిందా?" అన్నారు.

అసలు శబ్దమే లేదు. మార్పు ఎక్కడినుంచి వస్తుంది?

"రాలేదు," అని రాసుకుని రెండోది తీయించారు. మార్పు రాలేదు. కెపాసిటరు తీయించారు. రాలేదు. ఒక్కో భాగం పోతున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. ఆరోది కూడా తీసేశాక నిలబడి పనస చెక్కకి నమస్కారం పెట్టారు. "నాయుడు గారూ, ఇన్నాళ్ళూ ఆ తొమ్మిదీ ఏం చేస్తున్నట్టు?"

"పాఠం చెబుతున్నాయండి," అన్నారు మాస్టారు.

అయితే రాష్ట్రంలో మొదటి సున్నా ఈ బడికి దక్కలేదు. కొండమీద ఒక బడి అప్పటికే దక్కించుకుంది. ఆ బడికి మూడేళ్ళుగా కరెంటు లేదు. ఆంప్లిఫయరు అసలే లేదు. యజ్ఞం మొదలుకాకముందే యజ్ఞఫలం పొందిన బడిగా దాన్ని గుర్తించి శాలువా కప్పారు. అక్కడి హెడ్మాస్టరు శాలువా తీసుకుని, కరెంటు సంగతి కూడా కాస్త చూడమని వేదిక మీదే అడిగితే, ఆ మాట ఆయన అణకువని సూచిస్తోందని పరిపూర్ణరావు గారు మెచ్చుకున్నారు.

ఫిబ్రవరి మొదటి వారంలో విభాగం వారి సొంత తయారీ వచ్చింది. 'శూన్య' అని పేరు. నిగనిగలాడే టేకు పెట్టె. మూత లేదు, మీట లేదు, లోపల ఏమీ లేదు. నిపుణుల సంఘం నాలుగు నెలలు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చింది: గురగుర శబ్దం శూన్యం, వక్రీకరణ శూన్యం, విద్యుత్ వినియోగం శూన్యం, వేడి శూన్యం. ప్రపంచంలో ఏ యంత్రానికీ ఇన్ని సున్నాలు ఒకేసారి రాలేదట.

ఆవిష్కరణ పుట్టినింట్లోనే పెట్టారు. షామియానా వేశారు. పూలు, అరటి బోదెలు, వీడియో. పంతొమ్మిది మందినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. వాళ్ళకి ఇవాళ రత్నమాల టీచరు పదమూడో పాఠం వినిపిస్తారని జగ్గారావు గారు పొద్దున్నే చెప్పారు. పిల్లలు తలలు దువ్వుకుని, మేకుతో చుక్కలు గుచ్చుకునే పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

పరిపూర్ణరావు గారు మాస్టారి ఫోను పెట్టె మీద పెట్టించారు. మీట లేదు కనక దీపం వెలిగించారు. వేదిక మీది వాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారు. గోడ అవతల మిల్లు రొద పెడుతోంది. రెండు నిమిషాలు గడిచాయి.

"ఎంత నిర్మలం!" అన్నారు నిపుణుల సంఘం అధ్యక్షులు.

"ఎక్కడా గరగర లేదు," అన్నారు ధర్మలింగం గారు.

ముందు వరసలో పైడితల్లి చెయ్యెత్తింది. "సార్, ఇంకా ఎట్టలేదేటండి?"

"పెట్టామమ్మా. నడుస్తోంది."

"నాకేటీ ఇనబళ్ళేదండి. ఒరే, మీకినబడతందేటి?"

"లేదు," అన్నారు పద్దెనిమిది మంది, ఒక్కసారిగా.

వేదిక మీద కాస్త ఇబ్బందిగా కదిలారు. వాళ్ళకి కళ్ళున్నాయి. కళ్ళ ముందు టేకు పెట్టె మెరుస్తోంది. దీపం వెలుగుతోంది. పిల్లలకి అదేమీ లేదు. వాళ్ళకి మిల్లు ఒక్కటే ఉంది.

"ఫిర్యాదు స్వభావం ఏమిటి?" అని ధర్మలింగం గారు కాగితం తీశారు. "గురగురా? వక్రీకరణా?"

"పాఠం లేదండి."

"ఆ గడి ఇందులో లేదు," అన్నారు ఆయన, కాగితం మొత్తం చూసి.

పరిపూర్ణరావు గారు నవ్వారు. "చూడండమ్మా, వినబడటం స్పీకరు పని. స్పీకర్లు మా విభాగం కిందికి రావు. మా పెట్టె తన వంతు నిర్దోషంగా చేస్తోంది." మైకు లేదు కనక గొంతు చించుకుని ఉపన్యాసం అందుకున్నారు. "ఈ స్ఫూర్తిని ఉపకరణాల దగ్గరే ఆపబోము. మనుషులకూ విస్తరిస్తాం. ఉదాహరణకి, ఈ పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయ పోస్టు జూలై నుంచి ఖాళీ. ఏడు నెలలు. పాఠశాల నడుస్తోందా? నడుస్తోంది! పైకప్పు కూలిందా? కూలలేదు! అంటే ఆ పోస్టు అవసరం లేదని ఆ పోస్టే నిరూపించింది. నేటి నుంచి సదరు పోస్టును రద్దు చేస్తున్నాం. ఇది ఈ పాఠశాల సాధించిన పదో తగ్గింపు."

చప్పట్లు కొట్టారు. జగ్గారావు గారు కొట్టబోయి, పక్కన మాస్టార్ని చూసి చేతులు కిందికి దించారు.

మాస్టారు లేచారు. ఆయన ఏదైనా అంటారని ఎవరూ అనుకోలేదు. జూలై నుంచి ఆయన పాఠాలు తప్ప ఎక్కువ మాటలు మాట్లాడింది లేదు.

"ఆ పోస్టులో ఉన్న మనిషి ఇరవై నాలుగేళ్ళు పనిచేసిందండి," అన్నారు. "పోయే ముందు ఇంకో ఏడాది పని కూడా చేసి పెట్టి పోయింది. మీరన్న ఏడు నెలలూ బడి నడిచింది ఆ పని మీదే. అందులో పన్నెండు పాఠాలు పిల్లలు విన్నారు. పది ఉన్నాయి. నాకు మూడు భాగాలు ఇప్పించండి. మిగతా ఆరూ మీ ధర్మలింగం గారి సంచీలో ఉన్నాయి, అవీ ఇప్పించండి. పోస్టు సంగతి తర్వాత మీ ఇష్టం."

పరిపూర్ణరావు గారు సానుభూతిగా తలాడించారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డతనానికి కూడా కొంత పని చెయ్యాలి. "మీ బాధ నాకు అర్థమైంది నాయుడు గారూ. ఆ చెక్కనీ భాగాలనీ మేము ఎంతో గౌరవిస్తున్నాం. అందుకే రాష్ట్ర ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో పెడుతున్నాం. కింద మీ పేరు కూడా ఉంటుంది."

ఉంది. 'బహుభాగ యుగపు చివరి యంత్రం, తొమ్మిది భాగాలు, తయారీ: గొర్లె సన్యాసినాయుడు' అని. అద్దాల పెట్టెకి మాత్రం పద్నాలుగు భాగాలున్నాయి. ప్రదర్శనశాలలు మరో విభాగం.

ఆ సాయంత్రం షామియానా విప్పేవాళ్ళు టేకు పెట్టెని పదో తరగతిలో బల్ల మీద పెట్టి వెళ్ళారు. పైడితల్లి దాన్ని పైనా కిందా తడిమి, మూత కోసం వెతికి, లేదని తేల్చుకుని, "నున్నగుందిరా" అని పక్కకి జరిపేసింది.

హాస్టల్లోకి బయటివాళ్ళని నెలలో రెండో ఆదివారమే, రెండు గంటలసేపే రానిస్తారు. సెలవు రోజున ఉపాధ్యాయులు కూడా బయటివాళ్ళే. ఆదివారం మిల్లు ఉండదు. అనుమతి వస్తుందని చూస్తూ రెండు పోగా, పరీక్షలకి ముందు అలాంటి ఆదివారాలు రెండే మిగిలాయి. మాస్టారు ఫోను తీసుకెళ్ళి భోజనాల గదిలో బల్ల మధ్యన పెట్టారు. పిల్లలు బల్ల చుట్టూ మోకాళ్ళ మీద నిలబడి, తలలు తలలకి ఆనించి వంగారు. దగ్గు వచ్చినవాడు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. వంటమనిషి అప్పన్నమ్మ గిన్నెలు తోమడం ఆపి, "ఒలమ్మా, టీచరుగారు" అని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. చెయ్యి పెట్టి చూసుకోవడానికి వేడి రేకు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

చుక్కలు గుచ్చుకోవడానికి మధ్యమధ్య ఆపుతూ ఫిబ్రవరి ఆదివారం మూడు పాఠాలయ్యాయి. మార్చి ఆదివారం రెండయ్యాయి. మూడోది నడుస్తుండగా వార్డెను వచ్చి వేళయిందని గంట కొట్టించాడు.

మార్చి పదిహేడున పరీక్షలు మొదలయ్యాయి. బ్రెయిలీ పుస్తకాలు పద్దెనిమిదిన వచ్చాయి, కిందటి ఏడాదివి.

పదిహేడు పాఠాలూ, పద్దెనిమిదో దాంట్లో కొంతా అయింది. మిగతాది పిల్లలు ఇంకా వినలేదు.